స్టాక్ ఉందా అని కాదు, ఎవరికి ఉందో చూడాలి

మొన్న ఏప్రిల్‌లో మా ఆర్డర్ డెస్క్‌లో కొత్తగా ఒక అబ్బాయి చేరాడు. చురుకైన కుర్రాడు. రెండో రోజే అడిగాడు, "అన్నా, సిస్టంలో 6 మోటార్లు కనిపిస్తున్నాయి, డీలర్ 2 అడుగుతున్నాడు, బిల్లు కొట్టేస్తే అయిపోయేదానికి ఇంత ఆలోచన దేనికి?" అని. మంచి ప్రశ్న. పదకొండేళ్ల కిందట ఈ సీట్లో కూర్చున్న కొత్తలో నాకూ ఇదే అనుమానం వచ్చింది. అప్పుడు చెప్పేవాళ్లు ఎవరూ లేరు, దెబ్బ తిని నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ అబ్బాయికి అరగంట కూర్చోబెట్టి చెప్పింది, టైం లేక చెప్పలేకపోయింది కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పనిలోనే ఉన్నవాళ్లు ఎవరైనా చదివితే ఉపయోగపడొచ్చు.

మాది విజయవాడ. బోరు మోటార్లు, ఇళ్లలో సంపులకు వేసే మోనోబ్లాక్‌లు, ప్యానెల్ బోర్డులు, కేబుల్, పైపులు డీలర్లకు హోల్‌సేల్‌గా ఇస్తాం. నందిగామ, మైలవరం, నూజివీడు, తిరువూరు, అటు మధిర, సత్తుపల్లి దాకా మా సరుకు వెళ్తుంది. మోటార్లు ఎక్కువగా కోయంబత్తూరు నుంచి లారీల్లో వస్తాయి. నేను చేరినప్పుడు ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు మాత్రమే కొట్టేవాళ్లం. అందులోనే సేల్స్ ఆర్డర్ ఓచర్ ఉందని, ఒక్కో ఐటమ్‌కి గడువు తేదీ కూడా వేసుకోవచ్చని మాలో ఎవరూ పట్టించుకోలేదు. ఆర్డర్లన్నీ ఫోన్‌లో వచ్చేవి, నోటుబుక్కులో రాసుకునేవాళ్లం, సరుకు బండెక్కే గంట ముందు బిల్లు అయ్యేది. అంటే బిల్లు అయ్యేదాకా కంప్యూటర్ లెక్కలో ఆ సరుకు ఎవరిదీ కాదు.

మార్చి నెలాఖరు. తిరువూరు డీలర్ ఫోన్ చేశారు. "తమ్ముడూ, 5 హెచ్‌పీ, ఆరంగుళాల బోరుది, 12 స్టేజీలు, ఉందా?" చూశాను, 6 ఉన్నాయి. "ఉంది అన్నా, బండి పంపండి" అన్నాను. ఆయన ట్రాలీ ఆటో మాట్లాడి, డెబ్బై కిలోమీటర్ల పైన దూరం, మిట్టమధ్యాహ్నం ఎండలో పంపారు. డ్రైవర్ గోడౌన్‌కి వెళ్లి అడిగితే, మా గోడౌన్ చూసే బాబాయ్ ఆ ఆరు పెట్టెలూ చూపించాడు. ప్రతి పెట్టె మీదా సుద్దముక్కతో రాసి ఉంది. నాలుగింటి మీద 'నూజి', రెండింటి మీద 'మధి'. నూజివీడు డీలర్ అడ్వాన్స్ కట్టి అప్పటికి నాలుగు రోజులైంది, మధిర వాళ్లు మర్నాడు పొద్దున్నే బండి పంపుతున్నారు. ఆ ట్రాలీ ఖాళీగా వెనక్కి వెళ్లింది. డీలర్ నన్ను ఒక్క మాట అనలేదు. "రైతు పొద్దుట్నుంచీ నా షాపు ముందే కూర్చున్నాడు తమ్ముడూ, చేలో పైరు ఎండిపోతోంది" అన్నారంతే. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఆ రోజు సాయంత్రం గోడౌన్‌కి వెళ్లి చాలాసేపు ఆ పెట్టెల ముందు నిలబడ్డాను. మా సంస్థలో ఎవరికి ఏం మాటిచ్చామో తెలిసిన చోటు అదొక్కటే, ఆ సుద్దరాత. కంప్యూటర్‌కి ఎన్ని పెట్టెలున్నాయో తెలుసు, బాబాయ్‌కి అవి ఎవరివో తెలుసు, ఫోన్ ఎత్తే నాకు రెండోది తెలియదు. సేల్స్ ఆర్డర్ అనేది సిస్టంలో ఎందుకుండాలో నాకు అక్కడే అర్థమైంది. ఫలానా వారికి, ఫలానా సరుకు, ఫలానా రోజుకి ఇస్తామని మనం చెప్పిన మాటను, ఆ మాట చెప్పిన క్షణంలోనే అందరికీ కనిపించేలా రాసిపెట్టడం. సేల్స్ ఆర్డర్ అంటే అదే. బిల్లు రేపు కొట్టుకోవచ్చు, మాట మాత్రం ఇవాళే రాయాలి.

బయటివాళ్లకి ఇంకో సంగతి కూడా చెప్పాలి. 5 హెచ్‌పీ మోటారు అంటే ఒక్క సరుకు కాదు. నీళ్లు రెండొందల అడుగుల్లో ఉన్న బోరుకి వేసేది వేరు, అయిదారొందల అడుగుల్లో ఉన్నదానికి వేరు. లోతు పెరిగేకొద్దీ స్టేజీలు, అంటే పంపులో నీళ్లను పైకి తోసే చక్రాల వరసలు, పెరుగుతాయి, నీళ్లు తోసే పరిమాణం తగ్గుతుంది. బోరు నాలుగంగుళాలా ఆరంగుళాలా అన్నది ఇంకొకటి. అందుకే గోడౌన్‌లో 60 మోటార్లు ఉన్నా అడిగిన మోటారు లేకపోవచ్చు, ఒకటి బదులు ఇంకొకటి ఇవ్వడానికీ లేదు. మొత్తం స్టాక్ విలువ ఎన్ని లక్షలుందో చూసి ధైర్యంగా ఉండే యజమానులు చాలామంది ఉన్నారు. డీలర్‌కి ఆ లక్షలతో పనిలేదు, ఆ ఒక్క రకం కావాలి.

ఇప్పుడొక చిన్న లెక్క. ఆ అబ్బాయికి కాగితం మీద వేసి చూపించాను, ఇది అర్థమైతే సగం పని వచ్చినట్టే. ఇవాళ సోమవారం. గోడౌన్‌లో ఒక రకం మోటార్లు 14 ఉన్నాయి. మంగళవారం ఒకరికి 5 పంపాలి. గురువారం పొద్దున లారీలో 10 వస్తాయి. శుక్రవారం ఇంకొకరికి 12 పంపాలి. ఇప్పుడొక డీలర్ ఫోన్ చేసి ఇవాళే 8 కావాలన్నాడు. ఇవ్వొచ్చా?

స్టాక్ ఒక్కటే చూసేవాడు, 14 ఉన్నాయి కదా అని ఇచ్చేస్తాడు. ఉన్న ఆర్డర్లన్నీ కూడి చూసేవాడు, 14 లోంచి 17 పోవాలి, మనకే చాలడం లేదు అని ఫోన్ పెట్టేస్తాడు. మూడోవాడు కాస్త తెలివిగా మంగళవారం 5 తీసేసి, లారీ వచ్చేలోపు ఇంకో ఆర్డర్ లేదు కాబట్టి 9 ఖాళీ, 8 తీసుకోమంటాడు. ముగ్గురిదీ తప్పే. గురువారం 10 వచ్చినా శుక్రవారం 12 ఇవ్వాలి, కాబట్టి ఇప్పుడున్న వాటిలోంచే 2 శుక్రవారానికి దాచిపెట్టాలి. 9 లో 2 పోతే 7. ఇవాళ ఇవ్వగలిగింది 7. ఎనిమిదోది ఇచ్చామా, శుక్రవారం ఆ పెద్దమనిషికి ఒకటి తగ్గుతుంది. ఎనిమిదోది శుక్రవారం తర్వాత ఇస్తామందామా అంటే అప్పటికీ ఒక్కటీ మిగలదు, తర్వాతి లారీ దాకా ఆగాల్సిందే. ఈ 7 నే సాఫ్ట్‌వేర్‌లో అవైలబుల్ టు ప్రామిస్ అంటారు, మేం మాలో మేము 'మాటివ్వగల స్టాక్' అనుకుంటాం. ఇప్పుడు మా దగ్గరున్న ఈఆర్‌పీలో, అంటే ఆర్డర్లు, స్టాక్, కొనుగోళ్లు అన్నీ ఒకేచోట చూసే సాఫ్ట్‌వేర్‌లో, ఇది ఒక నొక్కుతో వస్తుంది. కానీ చేత్తో ఒకసారి వేసి చూడనివాళ్లు ఆ అంకె వచ్చినప్పుడు నమ్మరు, పక్కనే పెద్దగా కనిపించే 14 నే నమ్ముతారు.

ఈ లెక్కంతా తేదీల మీద నడుస్తుందని గమనించే ఉంటారు. శుక్రవారం ఆర్డర్‌కి తేదీ వేయకుండా వదిలేస్తే సిస్టం దాన్ని ఇవాళే పంపాలనుకుంటుంది, కొన్ని సాఫ్ట్‌వేర్‌లైతే అసలు లెక్కలోకే తీసుకోవు. మా దగ్గర మొదట్లో అందరూ చేసిన తప్పు ఇదే. ఆర్డర్ ఎంట్రీ చేస్తే ఇవాళ్టి తేదీ దానంతటదే పడుతుంది, దాన్ని అలాగే ఉంచేసి ఎంటర్ కొట్టేవాళ్లు. డీలర్ వచ్చే నెల 10కి కావాలన్నా ఇవాళే కావాలన్నట్టు పడేది. దాంతో నిజంగా ఇవాళ కావలసినవాడికి స్టాక్ లేదని చూపించేది.

తేదీలు కూడా మూడు ఉండాలి. ఆయన అడిగిన తేదీ, మనం ఇస్తామన్న తేదీ, నిజంగా పంపిన తేదీ. మేం రెండేళ్లపాటు ఒక్క తేదీతోనే నడిపాం. సరుకు ఆలస్యమైనప్పుడల్లా ఆ తేదీ మార్చేవాళ్లం, నెలాఖరుకి రిపోర్టు తీస్తే ఆర్డర్లన్నీ టైంకే వెళ్లినట్టు వచ్చేది. యజమానికి సంతోషం, డీలర్ల ఫోన్లు మాత్రం ఆగేవి కావు. ఇప్పుడు ఆయన అడిగిన తేదీని ఒకసారి వేశాక ఎవరూ ముట్టుకోకూడదు, మార్చే అవకాశమే తీసేశాం. మనం ఇస్తామన్న తేదీ మారొచ్చు, కానీ మార్చిన రోజే డీలర్‌కి ఫోన్ వెళ్లాలి. ఆలస్యం అవుతుందని ముందే చెప్తే డీలర్లు చాలావరకు సర్దుకుంటారు. బండి మాట్లాడుకున్నాక చెప్తేనే గొడవ.

వచ్చే సరుకు తేదీ విషయంలో నేను ఇంకా కఠినంగా ఉంటాను. సప్లయర్ "పంపించేశాం సార్" అంటే నేను లెక్కలో వేసుకోను. సరుకు రవాణాకి తీసే ఈ-వే బిల్లు వచ్చిందన్నా ఆగుతాను, అందులో బండి నంబర్ పడ్డాకే ఆ 10 మోటార్లూ దారిలో ఉన్నట్టు మారుస్తాను. ఎందుకంటే సరుకు వివరాలు ముందే ఎక్కించి, బండి దొరికాక నంబర్ వేయడం మామూలే. ఈ ఒక్క అలవాటుతో మా దగ్గర ఉత్తుత్తి గురువారాలు చాలా తగ్గాయి.

ఇక సెట్ల సంగతి. ఇది నాకు బాగా పట్టింపు ఉన్న విషయం, కాస్త ఎక్కువ రాస్తాను.

రైతు మోటారు కొనడం అంటే మోటారు ఒక్కటే కొనడం కాదు. దానికి సరిపోయే ప్యానెల్ బోర్డు, బోరు లోతుకి తగ్గ కేబుల్, పైపులు, క్లాంపులు అన్నీ కావాలి. ఆర్డర్‌లో ఇవి అయిదు లైన్లు. నాలుగు లైన్ల సరుకుంది, కేబుల్ లేదు. మామూలుగా ఏ సిస్టమైనా ఉన్నంతవరకు పంపేసి మిగతాది బాకీ ఆర్డర్‌గా ఉంచుతుంది, లెక్క ప్రకారం 80 శాతం ఆర్డర్ పూర్తయినట్టు చూపిస్తుంది. చేలో మాత్రం అది సున్నా శాతం. ఒకసారి ఇలాగే జరిగింది. మోటారు, ప్యానెల్, పైపులు వెళ్లాయి, కేబుల్ రెండు రోజుల తర్వాత పంపుతామని రిమార్కులో రాశాం, ఆ రిమార్కు ఎవరూ చదవలేదు. రైతు మోటారు వచ్చిందని విని బోరులో మోటారు దింపేవాళ్లని, చైన్ పుల్లీని మాట్లాడుకుని పిలిపించుకున్నాడు. వాళ్లు వచ్చి పెట్టెలు విప్పి కేబుల్ ఏదని అడిగారు. వాళ్ల రోజు కూలీ ఇచ్చి పంపించి, రెండు రోజుల తర్వాత మళ్లీ పిలిచి మళ్లీ ఇచ్చాడు. ఆ డబ్బులు మా ఏ రిపోర్టులోనూ కనపడవు. డీలర్ చెప్పబట్టి నాకు తెలిసింది.

అప్పట్నుంచి ఆర్డర్ తీసుకునేటప్పుడే అడుగుతాం, కలిపి పంపాలా, ఉన్నవి ఉన్నట్టు పంపొచ్చా అని. డీలర్ షాపులో స్టాక్ పెట్టుకోడానికైతే ఉన్నవి ఉన్నట్టు వెళ్తాయి. ఫలానా రైతు కోసమైతే 'కలిపి' అని టిక్ పెడతాం, అప్పుడు అయిదు లైన్లలో ఏది ఆలస్యమైతే ఆ తేదీయే మొత్తం ఆర్డర్ తేదీ అవుతుంది. దీనివల్ల మా గోడౌన్‌లో సరుకు రెండు రోజులు ఎక్కువ ఉంటుంది, అకౌంట్స్ వాళ్లు బిల్లింగ్ ఆగుతోందని అంటారు. ఆగనివ్వండి అంటాను. అది నేను వెనక్కి తగ్గని విషయం.

ఇప్పుడు చచ్చిన ఆర్డర్ల గురించి. ఎండాకాలంలో మోటార్లు దొరకనప్పుడు డీలర్లు ఏం చేస్తారంటే, ఒకే మోటారుకి మాకొక ఆర్డర్, ఇంకో ఇద్దరు డిస్ట్రిబ్యూటర్లకి చెరొక ఆర్డర్ పెడతారు, ఎవరు ముందిస్తే వాళ్ల దగ్గర తీసుకుంటారు. మిగతా ఇద్దరికీ వద్దని చెప్పరు. 10 కావాల్సినవాళ్లు, ఎలాగూ సగమే ఇస్తారు కదా అని 20 రాయిస్తారు. వాళ్లని తప్పుపట్టను, షాపు ముందు రైతులు నిలబడి ఉంటే నేనైనా అదే చేస్తాను. కానీ మా సిస్టంకి ఆ సంగతి తెలియదు. అది ఆర్డర్లన్నీ కూడుతుంది, ఉన్న స్టాక్, రాబోయే స్టాక్ తీసేస్తుంది, కనీసం ఉండాల్సిన నిల్వ కలుపుతుంది, ఇన్ని కొనమని చెప్తుంది. మేం కొనేశాం. ఆ సరుకు జూన్ రెండో వారంలో దిగింది, అప్పటికి వానలు మొదలయ్యాయి, ఆర్డర్ పెట్టినవాళ్లకి ఫోన్ చేస్తే "అది ఎప్పుడో తీసేసుకున్నాం కదా" అన్నారు. ఆ మోటార్లు మళ్లీ మార్చి దాకా గోడౌన్‌లోనే ఉన్నాయి, వాటి మీద పెట్టిన డబ్బుకి వడ్డీ కడుతూనే ఉన్నాం.

ఇది మా ఒక్కరి కథ కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ వాళ్లు పాంపర్స్ డైపర్ల విషయంలో ఇదే గమనించారు. పసిపిల్లలు వాడేది దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, షాపుల అమ్మకాల్లోనూ పెద్ద తేడా ఉండదు, కానీ డిస్ట్రిబ్యూటర్ల దగ్గరికి వచ్చేసరికి ఆర్డర్లు ఎగిరెగిరి పడేవి, కంపెనీ ముడిసరుకు ఆర్డర్లు ఇంకా ఎక్కువగా ఊగేవి. కొరడా పిడి దగ్గర మణికట్టు కొద్దిగా కదిపితే చివర ఎంత దూరం ఊగుతుందో అలాగన్నమాట, అందుకే దానికి బుల్‌విప్ ఎఫెక్ట్ అని పేరు. కొరత ఉన్నప్పుడు కావాల్సినదానికన్నా ఎక్కువ ఆర్డర్ పెట్టడం దానికొక ముఖ్యమైన కారణం. ధరలు మారడం ఇంకొకటి. అదీ చూశాం. 2022 జులై 18 నుంచి నీళ్ల పంపుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. జూన్ నెలాఖరులో ఆ వార్త రాగానే డీలర్లంతా రెండు మూడు నెలల సరుకు ఒక్కసారే అడిగారు. జులై అమ్మకాలు చూసి సిస్టం ఆగస్టుకి ఇంకా ఎక్కువ కొనమంది. ఆగస్టులో ఫోనే మోగలేదు.

దొంగ ఆర్డర్ అని ఎవరినీ అనలేం, మరి నిజమైన ఆర్డర్ ఏదో ఎలా తెలుస్తుంది? మాకు ఒక చిన్న ప్రశ్న పనికొచ్చింది. ఎండాకాలంలో ఆర్డర్ తీసుకునేటప్పుడు, ఇది ఏ ఊరి రైతుకి, బోరు ఎన్ని అడుగులు అని అడగడం మొదలుపెట్టాం. నిజంగా రైతు ఉంటే డీలర్ టక్కున చెప్పేస్తారు, ఊరితో పాటు అతను ఏ పంట వేశాడో కూడా చెప్తారు. స్టాక్ కోసమైతే "షాపుకే తమ్ముడూ" అంటారు, అందులో తప్పేమీ లేదు, ఆ ఆర్డర్ వేరే వరసలో పడుతుంది. ఒకటి రెండుసార్లు లోతుకీ అడిగిన స్టేజీలకీ పొంతన లేక, సరుకు వెళ్లకముందే తప్పు దొరికింది కూడా. అదొక లాభం, మేం అనుకోనిది.

రెండోది సోమవారం పొద్దుటి పని. ఇస్తామన్న తేదీ దాటి వారమైన ఆర్డర్ ప్రతిదీ జాబితా తీసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, కావాలా వద్దా అని అడుగుతాం. కావాలంటే కొత్త తేదీ, వద్దంటే అక్కడికక్కడే క్లోజ్, కారణం రాసి మరీ. మొదటిసారి ఈ పని చేసినప్పుడు మూడు రోజులు పట్టింది, రెండేళ్ల కిందటివి కూడా తెరిచే ఉన్నాయి. ఒకదాంట్లో డీలర్ షాపే మూసేశారు. అవన్నీ అన్నాళ్లూ ప్రతి రాత్రి ప్లానింగ్ రన్‌లోకి, అంటే ఏది ఎంత కొనాలో సిస్టం వేసే లెక్కలోకి వెళ్లి, మాకు సరుకు కావాలి అని అడుగుతూనే ఉన్నాయి. ఇప్పుడు గంటలో అయిపోతుంది. మీ సంస్థలో ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉన్నా సరే, రేపు వెళ్లి గడువు దాటిన ఆర్డర్ల జాబితా ఒకటి తీసి చూడండి. కొనుగోళ్లు ఎందుకు అలా ఉంటున్నాయో అక్కడే సగం కనిపిస్తుంది.

అంచనాలకీ ఆర్డర్లకీ మధ్య ఇంకో చిక్కు ఉంది, క్లుప్తంగా చెప్తాను. ఏప్రిల్‌లో ఒక రకం 30 అమ్ముడవుతాయని అంచనా వేశాం. 10వ తేదీకి 12 ఆర్డర్లు వచ్చాయి. అప్పుడు గిరాకీ 42 కాదు. ఆ 30 లోనే 12 ఖాయమయ్యాయి, ఇంకో 18 రావచ్చు, అంతే. ఆర్డర్లే 34 వస్తే అప్పుడు 34. ప్రతి ఆర్డర్ అంచనాలోంచి తన వంతు తినేయాలి. ఈ సెట్టింగ్ సరిగా లేకపోతే ఒకే మోటారు రెండుసార్లు కొంటారు. అలాగని ప్రతి ఆర్డర్‌నీ తిననివ్వకూడదు. ఒక కాంట్రాక్టర్ వచ్చి ఒకేసారి 25 అడిగితే అది మన మామూలు డీలర్ల 30 లోంచి పోవడానికి వీల్లేదు, అదనంగా లెక్కేయాలి, లేకపోతే నెలాఖరుకి డీలర్లకి ఏమీ మిగలదు. ఏ ఆర్డర్ ఎలాంటిదో మనిషే చూసి చెప్పాలి.

ఈ మాట నాకు గట్టిగా తెలిసింది 2024 సెప్టెంబరులో. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు మొత్తం మునిగింది కదా, విజయవాడలో ఉన్నవాళ్లెవరూ ఆ రోజులు మర్చిపోలేరు. ఇళ్లలోకి నీళ్లొచ్చి రోజుల తరబడి నిలబడ్డాయి. నీళ్లు తగ్గడం మొదలయ్యాక జనానికి ముందు కావాల్సింది మోటార్లే. సంపుల్లో, సెల్లార్లలో బురద తోడడానికి, పాడైపోయిన ఇంటి మోటార్ల బదులు కొత్తవి వేసుకోవడానికి. అర హెచ్‌పీ, ఒక హెచ్‌పీ మోనోబ్లాక్‌లు మా దగ్గరున్నవి రెండు రోజుల్లో అయిపోయాయి. నందిగామ, నూజివీడు డీలర్లకి ఫోన్ చేసి, మీ ఆర్డర్ వారం ఆపుకోగలరా అని అడిగాం. ఒక్కరూ కాదనలేదు. ఒకరైతే తన షాపులో ఉన్న 9 మోటార్లు తనే బండిలో వేసి పంపించారు, బిల్లు సంగతి తర్వాత చూసుకుందాం అని. ఆ వారం నేను సిస్టంలో పెట్టిన ప్రతి ఆర్డర్ రిమార్కులో ఒకే మాట రాశాను, 'వరద' అని.

ఆ ఒక్క మాట ఏడాది తర్వాత పనికొచ్చింది. 2025 ఆగస్టులో సిస్టం కొనమన్న జాబితా తీస్తే, ఒక హెచ్‌పీ మోనోబ్లాక్‌లు కొండంత అడిగింది, కిందటేడు సెప్టెంబరులో అన్ని అమ్ముడయ్యాయి కాబట్టి. కొత్తగా వచ్చిన మేనేజర్ ఎవరైనా ఉంటే నమ్మి కొనేసేవారు. రిమార్కులో 'వరద' అని వెతికి, ఆ ఆర్డర్లన్నీ చరిత్ర లెక్కలోంచి పక్కన పెట్టి మళ్లీ రన్ చేస్తే మామూలు అంకె వచ్చింది. పక్కన పెట్టాం గానీ చెరిపేయలేదు. ఆ సైజులు ఒక పాతిక ఎప్పుడూ విడిగా ఉంచాలని ఆ తర్వాత నిర్ణయించాం. వాటిని మామూలు ఆర్డర్లకి ఇవ్వడానికి నాకు కూడా అధికారం లేదు, యజమాని సంతకం కావాలి. మళ్లీ అలాంటి రోజు రాకూడదనే కోరుకుంటాను, వస్తే మాత్రం మా దగ్గర లేవు అని చెప్పడం నా వల్ల కాదు.

చివరగా, సరుకు తక్కువై అడిగేవాళ్లు ఎక్కువైనప్పుడు ఎవరికి ముందివ్వాలి అన్నది. చాలా సాఫ్ట్‌వేర్‌లు ముందు వచ్చిన ఆర్డర్‌కి ముందు ఇస్తాయి, లేదా పెద్ద కస్టమర్‌కి ఇచ్చేలా పెట్టుకోవచ్చు. మేం మూడు వరసలు పెట్టుకున్నాం. పైరు మీద ఉండగా మోటారు కాలిపోయిన రైతుది మొదటి వరస. కొత్త బోరు వేసిన రైతుది రెండోది. షాపు స్టాక్‌ది మూడోది. ఒక్కో వరసలో మాత్రం ముందు అడిగినవాళ్లకే ముందు. పెద్ద డీలర్లకి మొదట్లో ఇది నచ్చలేదు, లక్షల్లో కొనేవాళ్లం మమ్మల్ని ఆపి ఒక్క మోటారు కొనేవాడికి ఇస్తారా అన్నారు. యజమాని నావైపు నిలబడ్డారు, అది నేను మర్చిపోను. ఎవరి మోటారైనా ఇంకొకరికి మళ్లిస్తే అది సిస్టంలో ఎవరు చేశారో, ఎందుకు చేశారో పడుతుంది, ఆపినవాళ్లకి అదే రోజు ఫోన్ వెళ్తుంది. గొడవలు చాలావరకు దాంతోనే సద్దుమణిగాయి.

ఇదంతా విని ఆ అబ్బాయి ఏమీ అనలేదు. స్క్రీన్ మీద ఆ 6 మోటార్లు తెరిచి, కింద ఉన్న ఆర్డర్లు ఒక్కొక్కటీ చదివాడు. నాలుగు మైలవరానికి, బుధవారం, కలిపి పంపాలి. ఒకటి తిరువూరుకి, మోటారు కాలిపోయింది, మొదటి వరస, బండి సాయంత్రం వస్తుంది. మిగిలింది ఒకటి. డీలర్‌కి ఫోన్ చేసి, "ఒకటి ఇవాళ తీసుకోండి, రెండోది శనివారం లారీలో వస్తుంది, ఆదివారం మీ షాపు దగ్గర ఉంటుంది" అన్నాడు. ఆయన సరే అన్నారు.

తర్వాత ఇద్దరం గోడౌన్‌కి వెళ్లాం. బాబాయ్ ఇప్పటికీ సుద్దముక్క వాడతాడు. ఊరి పేరు రాసి, దాని కింద ఆర్డర్ నంబర్ చివరి నాలుగంకెలు వేస్తాడు. తిరువూరు పెట్టెను అప్పటికే గుమ్మం దగ్గరికి జరిపి ఉంచాడు.